రోజూ చూసే సముద్రానికి టికెట్టు కొనాలా?

"మేడ ఎక్కితే కనిపించే సముద్రానికి అంత డబ్బు పోస్తారటే?"

క్రూయిజ్, అంటే పెద్ద ఓడలో విహారయాత్ర, మాట ఎత్తగానే మా అత్తయ్య అన్న మొదటి మాట ఇది. న్యాయమైన ప్రశ్నే. హైదరాబాదు వాళ్ళకి సముద్రం చూడటమే ఒక టూరు. మనకది సాయంత్రం వాకింగ్, ఆదివారం మొక్కజొన్న పొత్తు, ఇంటికొచ్చాక చెప్పుల్లోంచి దులుపుకునే ఇసుక. విశాఖలో పుట్టి పెరిగినవాడు సెలవు పెట్టి మరీ సముద్రం మీదికి ఎందుకెళ్ళాలి? అదే డబ్బుతో అరకులో రెండు రాత్రులుండి, చలి కాచుకుని, బొంగులో చికెన్ తిని రావచ్చు కదా?

మేము రెండూ చేశాం. మూడేళ్ళలో రెండు డిసెంబర్లు అరకు, ఒకసారి సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల ఓడ ప్రయాణం. వెళ్ళినవాళ్ళం ఐదుగురం: నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్య. అప్పటినుంచి ఆఫీసులో ఎవరు టూరు ప్లాను వేసుకున్నా నా దగ్గరికొచ్చి "రెండిట్లో ఏది బాగుంది?" అనడుగుతారు. నేను తిరిగి ఒకటే అడుగుతాను: టూరుకెళ్తే మీ ఇంట్లో అందరికంటే ఎక్కువ అలిసిపోయేది ఎవరు? ఎంత ఖర్చు పెడతారు, ఎన్ని రోజులు సెలవుంది అన్నవి తర్వాతి సంగతి.

ఎందుకలా అడుగుతానో మా అరకు ప్రయాణం గురించి చెబితే తెలుస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పులిహోర కలిపి, పిల్లల్ని నిద్రలోంచి లాగి కిరండూల్ రైలెక్కించాం. అద్దాల విస్టాడోమ్ పెట్టెలో సీట్లు దొరికాయి. సొరంగాలు మొదలయ్యాక పిల్లలు ఒక్కొక్కటీ అరుస్తూ లెక్కపెట్టారు, ఇరవై దాటాక లెక్క తప్పారు. అక్కడిదాకా అంతా బాగుంది. అరకు స్టేషన్లో దిగిన దగ్గర్నుంచి నా డ్యూటీ మొదలైంది. ఆటోకి ఎంత, ముందు మ్యూజియమా పద్మాపురం గార్డెనా, చాపరాయి ఈ రోజా రేపా, అత్తయ్యకి కారం లేని భోజనం ఎక్కడ, గదిలో వేడినీళ్ళు ఎన్నింటి దాకా వస్తాయి, చిన్నవాడి స్వెట్టర్ ఏ బ్యాగులో ఉంది. మా ఆయన మంచివాడే, కానీ అన్నిటికీ "నీ ఇష్టం" అంటాడు. వినడానికి బాగుంటుంది. దానర్థం మాత్రం పనంతా నాదేనని. రెండో రోజు రాత్రికి నాకు తిరగడం వల్ల కాదు, తేల్చి తేల్చి తల నొప్పి పుట్టింది.

ఓడ మీద ఆ నాలుగు రోజుల్లో నేను తేల్చాల్సి వచ్చిన అతి పెద్ద విషయం పొద్దున టిఫిన్‌కి ఇడ్లీయా, నూడుల్సా అన్నది.

క్రూయిజ్‌కి ఒకసారి వెళ్ళినవాళ్ళు మళ్ళీ మళ్ళీ వెళ్ళడానికి అసలు కారణం నా లెక్కలో ఇదే. ప్రకటనల్లో సముద్రం చూపిస్తారు, సూర్యాస్తమయం చూపిస్తారు. వాళ్ళు అమ్మేది మాత్రం ఆలోచించే పని లేకపోవడం. పెట్టె ఒక్కసారి విప్పుతాం, చివరి రోజు మూస్తాం. రాత్రి పడుకుంటే పొద్దున ఇంకో ఊరు వచ్చి కిటికీ ముందు నిలబడుతుంది. బస్టాండుకి పరిగెత్తక్కర్లేదు, లాడ్జి వెతుక్కోనక్కర్లేదు. మా అమ్మాయి ఈతకొలను వదల్లేదు. చిన్నవాడు పిల్లల గదిలో రంగులు పూసుకుంటూ కూర్చున్నాడు. మా ఆయన పడుకున్నాడు. అత్తయ్య లిఫ్టులో పైకీ కిందికీ తిరుగుతూ ప్రతి అంతస్తులో ఏముందో చూసొచ్చి మాకు చెప్పేది. అందరం భోజనం దగ్గర కలిసేవాళ్ళం. మూడు తరాల వాళ్ళు ఎవరికి కావలసింది వాళ్ళు చేసుకుంటూ ఒకే చోట ఉండటం నేల మీద టూరులో చాలా కష్టం. అక్కడ ఒకరి కోసం మిగతా నలుగురూ ఆగాలి, లేదా ఒకరిని గదిలో వదిలెయ్యాలి.

బొర్రా గుహల్లో మేము చేసింది అదే. లోపలికి దిగే మెట్లు చాలా ఉన్నాయి, తడి రాళ్ళు జారతాయి, దిగినవన్నీ మళ్ళీ ఎక్కాలి. అత్తయ్య పైన టికెట్ కౌంటర్ దగ్గర బెంచీ మీద గంటంబావు కూర్చుంది. "మీరు చూసి రండమ్మా, నాకు కోతులున్నాయి కదా" అంది. మేం తిరిగొచ్చేసరికి ఆవిడ చేతిలో అరటిపండు లేదు, కోతి చేతిలో ఉంది. మోకాళ్ళ బాధ ఉన్న పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి నేను సందేహం లేకుండా ఓడే చెబుతాను. లిఫ్టులుంటాయి, నేల చదునుగా ఉంటుంది, చక్రాల కుర్చీ అడిగితే ఇస్తారు, పది అడుగులకో సోఫా.

ఇంత చెప్పాక నేల వైపు నుంచి కూడా మాట్లాడాలి. ఓడ మీద అస్సలు కుదరనిది ఒకటుంది: మనసు మార్చుకోవడం.

అరకు నుంచి రెండోసారి కారులో తిరిగొస్తూ అనంతగిరి దగ్గర కాఫీ తోటల్లో ఆగాం. పది నిమిషాలనుకున్నది రెండు గంటలైంది. మిరియాల తీగలు చెట్లకి ఎలా పాకుతాయో ఒక పెద్దాయన పిల్లలకి చూపించాడు. ఎర్రటి కాఫీ పండు నోట్లో వేసుకుని "తియ్యగా ఉందే!" అని మావాడు ఆశ్చర్యపోయాడు. ఆ రెండు గంటలు ఏ ప్లానులోనూ లేవు. మొత్తం ట్రిప్పులో ఇప్పటికీ వాడు చెప్పుకునేది అదొక్కటే. ఓడ ప్రయాణంలో "ఇక్కడ ఇంకో గంట ఉందాం" అనే మాటే లేదు. మలేషియాలోని పెనాంగ్‌లో మా ఓడ పొద్దున ఆగి సాయంత్రం బయల్దేరింది. రేవులోంచి బయటికొస్తే జార్జ్‌టౌన్ వీధులే. నడిచి లిటిల్ ఇండియాకి వెళ్ళాం, మహామారియమ్మన్ గుడి చూశాం, అరటాకులో భోంచేశాం. పాత ఇళ్ళూ గోడల మీద బొమ్మలూ ఉన్న వీధుల్లోకి అప్పుడే అడుగు పెట్టామో లేదో, మా ఆయన వాచీ చూడటం మొదలెట్టాడు. ఓడ కదలడానికి గంట ముందే లోపలుండాలి. ఆలస్యమైతే అది మన కోసం ఆగదు, తర్వాతి ఊరికి మన ఖర్చుతో మనమే చేరుకోవాలి. ఆ ఊరు చూశామనడం కన్నా దాని గుమ్మం తొక్కి వచ్చామనడం నయం. ఊళ్ళు చూడాలని, అక్కడి మనుషులతో కూర్చుని మాట్లాడాలని ఆశ ఉన్నవాళ్ళు క్రూయిజ్ ఎక్కితే చివరికి చిరాకే మిగులుతుంది.

ఇంకో మాట. ఓడ మీ టికెట్టులో రాసిన ప్రతి ఊళ్ళోనూ ఆగుతుందన్న హామీ లేదు. మాకు థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ పోయింది. అక్కడ పెద్ద ఓడలు చాలాసార్లు ఒడ్డుకి రావు, దూరంగా లంగరేసి చిన్న పడవల్లో జనాన్ని దింపుతాయి. ఆ పొద్దున అలలు ఎక్కువగా ఉన్నాయని, పడవల్లోకి దింపడం క్షేమం కాదని కెప్టెన్ మైకులో చెప్పాడు. రోజంతా సముద్రంలోనే గడిచింది. ముందే కట్టిన ఊరి టూరు డబ్బు, ఆ రేవు సుంకం వెనక్కిచ్చారు తప్ప టికెట్టులో రూపాయి తగ్గలేదు. షరతుల కాగితంలో చిన్న అక్షరాల్లో అది ఉందట, చదవకపోవడం మా తప్పే. వాతావరణం ఒక్కటే కారణం కానక్కర్లేదు కూడా. 2022 జూన్‌లో విశాఖ నుంచి కార్డీలియా అనే క్రూయిజ్ కంపెనీ వాళ్ళ ఎంప్రెస్ ఓడ మొదలైనప్పుడు, క్యాసినో మీద అభ్యంతరాలొచ్చి పుదుచ్చేరిలో ఆగడానికి అనుమతి దొరకలేదు. ఓడల్లో క్యాసినోలు తీరం నుంచి పన్నెండు నాటికల్ మైళ్ళు, అంటే సుమారు ఇరవై రెండు కిలోమీటర్లు దాటాకే తెరుస్తారు. అయినా అభ్యంతరం అభ్యంతరమే. ఒక ఊరి కోసమే క్రూయిజ్ ఎక్కుతున్నారా? అయితే ఎక్కకండి. ఆ ఊరికి విమానమో రైలో చూసుకోండి.

ఇక డబ్బు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

క్రూయిజ్ ప్రకటనలో కనిపించే ధర ఒక మనిషికి. అది కూడా ఒక క్యాబిన్‌లో ఇద్దరుంటే. ఒక్కరే వెళ్తే దాదాపు ఇద్దరి డబ్బూ కట్టమంటారు. అదే క్యాబిన్‌లో మూడో మనిషి, నాలుగో మనిషి మాత్రం తక్కువలో పడతారు, అందుకే పిల్లలున్నవాళ్ళకి లెక్క కాస్త కలిసొస్తుంది. ఆ ధరలో గది, మూడు పూటలా భోజనం, ఆటలు, రాత్రి షోలు వస్తాయి. రేవు సుంకాలు, పన్నులు పైన పడతాయి. వైఫై, కూల్‌డ్రింకులు, మందు, స్పా, ఊళ్ళో తిప్పే టూర్లు అన్నీ విడిగా కట్టాలి. చివరగా సర్వీసు టిప్పు, మనిషికి రాత్రికి ఇంతని. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటామని వాళ్ళకి ముందే తెలుసేమో, దిగకముందే ఓడలో ఖర్చులకి మనకిచ్చే కార్డులో రాసేస్తారు. నేను చెప్పే మోటు లెక్క ఏమిటంటే, ప్రకటనలో ఉన్న ధరకి దాదాపు సగం కలుపుకుని, ఎక్కే ఊరికి విమానం ఖర్చు వేరే రాసుకోండి. అప్పుడొచ్చిన అంకె చూసి కూడా గుండె జారకపోతే బుక్ చెయ్యండి.

అరకు ఖర్చు దీనికి తలకిందులుగా ఉంటుంది. మొదట చిన్నదిగా కనిపిస్తుంది. రైలు టికెట్టు ఎంతని? తర్వాత జీపు, టీలు, మళ్ళీ జీపు, తేనె సీసా, సీజన్లో రెట్టింపైన గది అద్దె. ఇంటికొచ్చాకే మొత్తం తెలుస్తుంది. కానీ అది మన చేతిలో ఉంటుంది. పర్సు పల్చబడితే రెండో రాత్రి రద్దు చేసుకుని సాయంత్రం బస్సెక్కెయ్యొచ్చు. ఓడలో ఎవరి కార్డుతో వాళ్ళు గీకుతుంటారు, చేతిలో నోటు కనపడదు, బిల్లు చివరి రాత్రి తలుపు కింద నుంచి జారి వస్తుంది. మా అమ్మాయి మాక్‌టెయిల్స్ ఎన్ని తాగిందో ఆ కాగితం చూశాకే తెలిసింది.

"అమ్మో, ఓడంటే తల తిరుగుతుంది" అనేవాళ్ళకి ఒక ప్రశ్న. అనంతగిరి ఘాట్ రోడ్డులో మీకెలా ఉంటుంది? కారు వెనక సీట్లో నిమ్మకాయ వాసన చూస్తూ, ప్లాస్టిక్ కవరు పట్టుకుని కూర్చునే రకమా? రెంటికీ కారణం ఒకటే. చెవి లోపలి భాగం కదులుతున్నామని చెబుతుంది, కన్ను ఎదురుగా ఉన్న సీటునో గోడనో చూసి కదలడం లేదంటుంది. ఆ తగువులో కడుపు నలుగుతుంది. పెద్ద ఓడలకి నీటి కింద రెక్కల్లాంటివి ఉంటాయి, అవి పక్కలకి ఊగడాన్ని చాలావరకు ఆపుతాయి. మామూలు రోజుల్లో ఘాట్ రోడ్డు కన్నా ఓడే నయం. మా ఇంట్లో కొండ మీద వాంతి చేసుకున్న ఇద్దరూ సముద్రం మీద హాయిగా తిరిగారు. భయమున్నవాళ్ళు ఓడ మధ్యలో, కింది అంతస్తులో గది తీసుకోండి, ముందు కొసనా పైనా ఊపు ఎక్కువ. డాక్టర్ని అడిగి మాత్ర తెచ్చుకుని తల తిరగకముందే వేసుకోవాలి, తిరిగాక వేస్తే ఉపయోగం తక్కువ. తిరుగుతుంటే గదిలో దుప్పటి ముసుగెయ్యకుండా డెక్ మీదికొచ్చి దూరంగా ఆకాశం, నీళ్ళు కలిసే గీత చూడండి. రుషికొండలో చిన్న బోటెక్కి ఊగినదాన్ని బట్టి పెద్ద ఓడని అంచనా వెయ్యొద్దు, రెంటికీ పోలికే లేదు.

గది విషయంలో మేము చేసిన పొరపాటు మీరు చెయ్యకండి. చవకని కిటికీ లేని లోపలి క్యాబిన్ తీసుకున్నాం. పిల్లలకి పట్టలేదు. అత్తయ్యకి మాత్రం తెల్లారిందో లేదో తెలియక రాత్రి మూడుసార్లు లేచి, తలుపు తీసి, వరండాలో నిలబడింది. వరండాలో కూడా ఎప్పుడూ ఒకేలా లైట్లు. నాలుగో సారి లేచేసరికి నిజంగానే ఏడయింది. సూర్యుడికి దండం పెట్టుకుని రోజు మొదలెట్టే పెద్దవాళ్ళకి కనీసం గుండ్రటి కిటికీ ఉన్న గదైనా తీసుకోండి. బాల్కనీకి డబ్బులెక్కువ, కానీ సముద్రం కోసమే వెళ్ళేవాళ్ళు దాని మీద పెట్టడంలో తప్పులేదు.

సామాన్లలో ఇంకో సంగతి. రాత్రిపూట హార్లిక్స్ కోసం అత్తయ్య ఒక కరెంటు కెటిల్ పెట్టుకుంది. స్కానింగులో అది బయటపడింది. ఇస్త్రీపెట్టె, కెటిల్, రైస్ కుక్కర్ లాంటివి ఓడలోకి రానివ్వరు. నిప్పు భయం, నడిసముద్రంలో ఫైరింజన్ రాదు కదా. రసీదు రాసిచ్చి ఉంచేసుకున్నారు, దిగేటప్పుడు తిరిగిచ్చారు. ఇంట్లో చేసిన తిండి కూడా చాలా ఓడల్లో ఒప్పుకోరు, సీలు వేసిన ప్యాకెట్లయితే ఫర్వాలేదు. అరకు రైల్లో పులిహోర డబ్బా ఎవరాపుతారు? ఓడ కదిలేముందు ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టడం కూడా మర్చిపోవద్దు. లేకపోతే ఓడ సొంత నెట్‌వర్క్ పట్టుకుని రోమింగ్ బిల్లు వాయిస్తుంది.

ఒంట్లో బాగాలేని వాళ్ళ గురించి క్లుప్తంగా. ఓడలో డాక్టరుంటాడు, ఫీజు గట్టిగా ఉంటుంది, పెద్ద ఆసుపత్రి ఉండదు. గుండె జబ్బు, డయాలసిస్ లాంటివి ఉంటే ముందు మీ డాక్టరు మాట వినండి, ప్రయాణ బీమా లేకుండా ఎక్కొద్దు. ఆరో నెల దాటిన గర్భిణుల్ని, ఆర్నెల్ల లోపు పసిపిల్లల్ని చాలా కంపెనీలు ఎక్కించుకోవు.

విశాఖ నుంచి మనకున్న దారులు చూద్దాం. మన పోర్టులో క్రూయిజ్ టెర్మినల్ ఉంది, 2023 సెప్టెంబర్ 4న ప్రారంభించారు, సుమారు 96 కోట్లతో కట్టారు. ఇమిగ్రేషన్ కౌంటర్లతో సహా అన్నీ ఉన్నాయి, రోజూ ఎక్కడానికి ఓడలే లేవు. పుదుచ్చేరి, చెన్నై వైపు వెళ్ళే ఎంప్రెస్ ఇక్కడికి వచ్చింది 2022 జూన్‌లో, మళ్ళీ 2025 జూలైలో. అంటే వానాకాలంలో, బడులు తెరిచే రోజుల్లో. పడమటి తీరంలో అప్పుడు సముద్రం మరీ పోటు మీద ఉంటుంది కాబట్టి ఓడ ఇటు తిరుగుతుంది. పిల్లల బడి పోగొట్టుకోకూడదనుకునే వాళ్ళకి ఇది కుదరదు. రిటైరైన దంపతులకి, కొత్తగా పెళ్ళైన వాళ్ళకి భేషుగ్గా కుదురుతుంది. విమానం ఖర్చు లేదు, పాస్‌పోర్టు గొడవ లేదు. 2022లో ఎక్కిన మా చెల్లి మాటల్లో, ఓడ కదిలాక డాల్ఫిన్ నోస్‌ని సముద్రం వైపు నుంచి చూడటమే ఆ ట్రిప్పులో అసలు ముచ్చట. పుట్టినప్పటినుంచి ఒక్క వైపే చూసిన కొండ వీపు అప్పుడు కనిపించిందట.

సెలవుల్లోనే వెళ్ళాలంటే సింగపూర్ దారి నయం. ఇక్కణ్ణుంచి స్కూట్ వాళ్ళ విమానం నేరుగా వెళ్తుంది, ఓడ వెళ్ళే మలక్కా జలసంధిలో నీళ్ళు సాధారణంగా నెమ్మదిగా ఉంటాయి. వీసా దగ్గర జాగ్రత్త పడాలి. సింగపూర్లో ఎక్కి, వేరే దేశం తిరిగి, మళ్ళీ సింగపూర్లో దిగుతాం కాబట్టి రెండోసారి ప్రవేశానికి కూడా అది పనికిరావాలి. విమానం దిగిన రోజే ఓడ పట్టుకుందామనుకోవద్దు, ఒక రాత్రి మధ్యలో పెట్టుకోండి.

అండమాన్ ఓడ సంగతి కూడా అడుగుతుంటారు. అది క్రూయిజ్ కాదు, ప్రయాణపు ఓడ. ప్రభుత్వం నడుపుతుంది, నెలకి ఏ ఒకసారో, రెండున్నర రోజుల దారి. బంక్ క్లాసులో వెళ్ళిన మా పెదనాన్న ఇప్పటికీ ఆ క్యాంటీన్ సాంబారుని తిట్టుకుంటాడు, ఆ రాత్రుల్లో చూసిన నక్షత్రాల్ని మెచ్చుకుంటాడు. ఓపిక, వయసు ఉన్న కుర్రాళ్ళు తప్పకుండా వెళ్ళాలి. అత్తగార్లని తీసుకెళ్ళొద్దు. నీళ్ళ మీద ఒక్క రోజు చాలనుకుంటే గోదావరిలో పాపికొండల బోటు ఉంది, వరద రోజుల్లో ఆపేస్తారు. అక్టోబర్, నవంబర్లలో మాత్రం బంగాళాఖాతంలో ఏ ఓడ ప్లానూ గట్టిగా నమ్ముకోవద్దు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను చూసినవాళ్ళకి ఇది ఇంకొకరు చెప్పక్కర్లేదు.

కుర్రాళ్ళు నలుగురు కలిస్తే, ఒంటరిగా తిరిగే అలవాటుంటే, జనం సందడి పడకపోతే, పొద్దున్నే మంచులో టీకొట్టు ముందు నిలబడటమే సెలవంటే అనుకుంటే కొండకే వెళ్ళండి. వేల మంది మధ్య బఫే లైన్లో నిలబడటం మీకు సరిపడదు. ఇంట్లో పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉండి, ప్రతి టూరులో ఒకే మనిషి అందరి బరువూ మోస్తుంటే, ఒక్కసారి ఆ మనిషి కోసమైనా ఓడ ఎక్కండి. ఆ మనిషి ఎవరో తెలియకపోతే, పోయిన టూరు ఫోటోలు తీసి చూడండి. ఎందులోనూ కనిపించని వాళ్ళే. ఫోటో తీస్తూనో, బ్యాగులు పట్టుకునో ఉండి ఉంటారు.

ఈ డిసెంబరుకి మాది మళ్ళీ అరకే, పిల్లల ఓటు అటే పడింది. అత్తయ్య మాత్రం రానంది. "ఆ ఓడెప్పుడొస్తుందో కనుక్కో అమ్మాయ్, ఈసారి కిటికీ ఉన్న గది చూడు" అని చెప్పి, మా ఆడపడుచు ఇంటికి వెళ్ళడానికి బ్యాగు సర్దుకుంటోంది.